తాళాలాయన నాలుగుసార్లు అడిగాడు

"గుడ్డ కదపకే! నువ్వు కదిలితే అక్షరాలు కూడా వంకర్లు పోతాయి," అంది అమ్మ.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నర. అమ్మ కుట్టుమిషను మీద పొడవాటి తెల్ల గుడ్డ పరిచి ఉంది. దాని ఒక కొస అమ్మ చేతిలో ఉంటే, రెండో కొస గది అవతల గోడ దగ్గర నిలబడ్డ కూతురి చేతుల్లో ఉంది. నీలం గుడ్డతో కత్తిరించిన అక్షరాలను అమ్మ ఒక్కొక్కటిగా కుడుతోంది. "మీతో పాటు మేమూ" వరకు అయింది. "కూర్చున్నాం" అనే మాట ఇంకా గుండుసూదుల మీదే నిలబడి ఉంది.

కూతురికి పదేళ్లు. అసలు పేరు స్కూలు రిజిస్టర్లో ఉంది కానీ ఇంట్లో, వీధిలో అందరూ పిలిచేది మాత్రం చిటపట అని. ఎవరైనా ఒక మాట అంటే ఆమె రెండు అంటుంది. అదీ వెంటనే. ఒకసారి డాక్టరు గారు "నోరు తెరువమ్మా" అన్నందుకు, "తెరిస్తే మూయమంటారు, మూస్తే తెరవమంటారు, ఏదో ఒకటి చెప్పండి," అంది. డాక్టరు గారు నవ్వారు. అమ్మ మాత్రం తల పట్టుకుంది.

"చేతులు లాగేస్తున్నాయమ్మా," అంది చిటపట. "ఊరికే కూర్చోవడానికి ఇంత పెద్ద బ్యానరెందుకు?"

"మనం ఎందుకు కూర్చున్నామో దారిన పోయేవాళ్లకి తెలియొద్దూ?"

"అరిచి చెబితే త్వరగా తెలుస్తుంది కదా?"

మూలన కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వింది. "అరవకూడదనే కదే కూర్చుంటున్నది!"

సంగతేమిటంటే, సముద్రం అవతల ఒక దేశంలో పాత బౌద్ధ మఠం ఒకటి ఉంది. నెల క్రితం అక్కడి సైనికులు దానికి తాళం వేశారు. అందులో ఉన్న పందొమ్మిది మంది భిక్షువులను తీసుకెళ్లిపోయారు. ఎక్కడ ఉంచారో ఎవరికీ చెప్పలేదు. వాళ్లలో అందరికన్నా పెద్దాయనకు ఎనభై ఒక్క ఏళ్లు. అమ్మమ్మ రోజూ వెళ్లే విహారంలో ఉండే పెద్ద భంతేకి ఆయన గురువు. భిక్షువులను అందరూ భంతే అనే పిలుస్తారు. ఈ విహారంలో ఇద్దరే ఉన్నారు. తెల్ల కనుబొమల పెద్ద భంతే, కిందటేడాది వచ్చిన చిన్న భంతే.

రెండు వారాలుగా విహారం వాళ్లంతా ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటి నుంచి ఆరింటి దాకా ఆ దేశపు కాన్సులేట్ ఆఫీసుకు ఎదురుగా ఫుట్‌పాత్ మీద కూర్చుంటున్నారు. నినాదాలు లేవు, మైకులు లేవు. ఉత్త మౌనం.

"మనం కూర్చుంటే వాళ్లని వదిలేస్తారా అమ్మమ్మా?"

"ఏమోనే."

"ఏమో అయితే మరెందుకు?"

అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని మనవరాలి వైపు చూసింది. "నిన్ను ఎవరైనా గదిలో పెట్టి తలుపేశారనుకో. బయట మీ అమ్మ గుమ్మం దగ్గరే కూర్చుందని నీకు తెలిస్తే ఎలా ఉంటుంది? తలుపు తెరుచుకోకపోయినా సరే."

చిటపట గుడ్డ బిగించి పట్టుకుంది.

*

కాన్సులేట్ ఆఫీసు మూడంతస్తుల బూడిదరంగు భవనం. ఆదివారం కాబట్టి కిటికీలకు తెరలు దించి ఉన్నాయి. గేటు దగ్గర ఒక కాపలాదారు మాత్రం ఉన్నాడు. దానికి ఎదురుగా, రోడ్డుకు ఇవతల, ఫుట్‌పాత్ వెడల్పుగా ఉంటుంది. మొదటి వారం పదిహేను మంది వచ్చారు. రెండో వారం పాతిక. ఈ మూడో వారం నలభై దాటారు. చాపలు పరుస్తూ పోతే కరెంటు స్తంభం కూడా దాటిపోయాయి.

ఆ స్తంభం పక్కనే పెద్ద గొడుగు కింద తాళాలాయన బల్ల ఉంది. చువ్వకు గుత్తులు గుత్తులుగా తాళంచెవులు వేలాడుతుంటాయి. తాళంచెవి పారేసుకున్నవాళ్లు, ఇంకొకటి కావలసినవాళ్లు ఆయన దగ్గరికి వస్తారు. ఇనప ముక్కను బల్లకు బిగించి, ఆకురాయితో కరకర అరగదీసి, పది నిమిషాల్లో కొత్త తాళంచెవి చేతిలో పెడతాడు.

కూర్చునే ముందు పెద్ద భంతే అందరికీ ఒకే మాట చెప్పారు. "గంట సేపు మాటలొద్దు. ఎవరేమన్నా జవాబు చెప్పొద్దు. వెక్కిరిస్తే వెక్కిరించనివ్వండి. మనం వచ్చింది దెబ్బలాటకి కాదు."

పిల్లలు నలుగురూ చివరి చాప మీద కూర్చున్నారు. చిటపట పక్కన పక్కింటి స్నేహితురాలు తూనీగ కూర్చుంది. ఒకచోట కుదురుగా ఉండలేదని దానికి ఆ పేరు. వాళ్ల ముందు చిన్న భంతే. ఆయనకు రెండు రోజులుగా దగ్గు.

ఐదయింది. అందరూ కళ్లు మూసుకున్నారు.

చిటపట కూడా మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. బస్సులు పోతున్నాయి. ఒక కుక్క వచ్చి బ్యానరు వాసన చూసి పోయింది. గడియారం చూస్తే ఐదూ ఆరు. ఆరు నిమిషాలేనా!

అప్పుడే ఒకావిడ చేతిలో తాళంకప్ప పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. చాపల మీద మనుషులు, వాళ్ల వెనక తాళాలాయన బల్ల. మధ్యలో అడుగు పెట్టడానికి జాగా లేదు. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. కాసేపటికి ఒక ముసలాయన వచ్చాడు. ఆయనా అంతే.

తాళాలాయన లేచాడు. చాపల దగ్గరికి వచ్చి మెల్లగా, "కొ... కొంచెం," అన్నాడు. ఎవరూ కళ్లు తెరవలేదు.

ఇంకోసారి అడిగాడు. ఎవరూ కదల్లేదు. ఎవరో గొడవ పెట్టుకోవడానికి వచ్చారనుకుని అమ్మమ్మ కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది.

మూడోసారి అడిగినప్పుడు ఆయన గొంతు పెరిగింది. నాలుగోసారి మెడ నరాలు ఉబ్బాయి. మాట గొంతు దగ్గరే ఆగి ఆగి వచ్చింది.

"మీ... మీరు... జ... జ... జరగండి!"

చిటపటకు ఆలోచించే టైమే లేదు. జవాబు దానంతటదే వచ్చేసింది. సన్నగా, అచ్చం ఆయనలాగే.

"జ... జ... జరగం!"

తూనీగ కిసుక్కున నవ్వింది. మిగతా ఇద్దరు పిల్లలూ నోటికి చేతులడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వారు. సరిగ్గా అప్పుడే దగ్గొచ్చి చిన్న భంతే కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి.

తాళాలాయన అలాగే నిలబడిపోయాడు. ముందు ఆయనకు కోపం రాలేదు. ముఖం మీద ఇంకేదో వచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు వచ్చిన వైపు చూశాడు. ఆయనకు ఎదురుగా కనిపించింది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న చిన్న భంతే.

తాళాలాయన వీధి మలుపు దాకా నడిచి వెళ్లాడు. అక్కడ డ్యూటీలో ఉన్న పోలీసు మేడమ్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

*

"దారి మూసేశారు. పైగా వెక్కిరించారట," అంది పోలీసు మేడమ్. చేతిలో పర్మిషన్ కాగితం ఉంది. "ఇందులో ఏం రాసుందో చదువుకోలేదా? నడిచేవాళ్లకి అడ్డం ఉండకూడదు, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు. లేవండి. ఇవాళ్టికి చాలు."

ఐదున్నర కాకుండానే చాపలు చుట్టేశారు.

పెద్ద భంతే తాళాలాయన ముందు చేతులు జోడించారు. ఆయన ముఖం తిప్పుకున్నాడు. చిన్న భంతే వైపు వేలు చూపించాడు. "ఈ... ఈయనే."

అందరూ చిన్న భంతే వైపు తిరిగారు.

చిటపట అమ్మమ్మ వెనకాల నిలబడి ఉంది. 'ఆయన కాదు' అనాలి. రెండే మాటలు. ఎప్పుడూ తయారుగా ఉండే నోరు ఇప్పుడు మాత్రం అతుక్కుపోయింది.

చిన్న భంతే తల వంచి, "క్షమించండి," అన్నారు. అంతే.

పోలీసు మేడమ్ నోటుబుక్కులో రాసుకుంది. "ఫిర్యాదు ఉంది కాబట్టి వచ్చే వారం పర్మిషన్ ఇవ్వలేం. ఆయన వెనక్కి తీసుకుంటే అప్పుడు చూద్దాం," అంది.

బస్సులో తూనీగ చిటపట చెవిలో, "భలే అన్నావే! అచ్చం అలాగే!" అంది.

చిటపట కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

*

సోమవారం స్కూల్లో ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే తూనీగ చుట్టూ ఆరుగురు చేరారు. "చూడండి, ఆ తాళాలాయన ఎలా మాట్లాడాడో," అని అది నడుం మీద చెయ్యి పెట్టి, మెడ ముందుకు చాపి చేసి చూపించింది. అందరూ నవ్వారు. ఇంకోసారి చెయ్యమన్నారు.

నిన్న సరదాగా అనిపించింది చిటపటకు ఇవాళ చూడబుద్ధి కాలేదు.

"చెయ్యకే," అంది చిటపట.

"అబ్బో! నువ్వే కదా మొదలుపెట్టింది!"

"అవును, నేనే. అందుకే చెబుతున్నా, చెయ్యకు."

తూనీగ మూతి ముడుచుకుంది. ఆ రోజు ఇద్దరూ విడివిడిగా ఇంటికెళ్లారు.

మంగళవారం సాయంత్రం అమ్మమ్మ కుర్చీలో కూర్చుని స్కూలు యూనిఫాంలకు గుండీలు కుడుతోంది. అమ్మకు వచ్చే కుట్టుపనిలో గుండీల వంతు అమ్మమ్మదే. ఫోన్లో ఏదో వార్త విన్నప్పటి నుంచి ఆమె సూది సరిగ్గా నడవడం లేదు.

"భిక్షువులతో పాటు పట్టుకెళ్లారే, ఆ మఠంలో బట్టలుతికే ఆయన్ని వదిలేశారట," అంది అమ్మతో. "ఆయన కబురు చెప్పి పంపాడు. లోపలున్న వాళ్లకి మన సంగతి తెలిసిందట. ఎవరి ద్వారా తెలిసిందో మరి! ఆదివారం మనం కూర్చునే గంటకే వాళ్లు కూడా, ఎక్కడివాళ్లు అక్కడే, కూర్చుంటున్నారట. పెద్దాయన కూడా. గోడకి ఆనుకుని."

అమ్మ మిషను ఆపేసింది. "నిజంగానా?"

"నిజమే. ఈ వారం మనం ఉండం. ఆ సంగతి వాళ్లకి ఎవరు చెబుతారు?" అమ్మమ్మ దారం కొరికింది. "వాళ్లు మనం ఉన్నామనే అనుకుంటారు. అదీ నా బాధ."

చిటపట లెక్కల పుస్తకం ముందు కూర్చుని ఉంది. ఒక్క లెక్కా ముందుకు సాగలేదు. అమ్మమ్మ లేచి లోపలికి వెళ్లేదాకా ఆగింది. తర్వాత మిషను దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా. చిన్న భంతే వెక్కిరించలేదు."

"తెలుసు. ఆయన అలాంటి మనిషి కాదు."

"నేను వెక్కిరించాను."

అమ్మ తలెత్తి చూసింది. చెయ్యి ఇంకా మిషను చక్రం మీదే ఉంది. అరుస్తుందేమోనని చిటపట భుజాలు ముడుచుకుంది. అమ్మ అరవలేదు. అరిచి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

"ఎందుకన్నావ్?"

"ఏమో. వచ్చేసింది. ఆయన అరిచాడు కదా!"

"ఆయన ఎందుకు అరిచాడు?"

చిటపట ఆ తాళంకప్ప ఆవిడ సంగతి చెప్పింది. తర్వాత వచ్చిన ముసలాయన సంగతి చెప్పింది. "ముందు మెల్లగానే అడిగాడమ్మా. నేను ఒక కన్ను తెరిచి చూశాను. నాలుగుసార్లు అడిగాడు. ఎవరూ పలకలేదు."

అమ్మ మిషను చక్రం మీంచి చెయ్యి తీసింది.

"నాతో చెప్పావు, మంచిదే," అంది. "కానీ నన్ను కాదుగా నువ్వు వెక్కిరించింది."

"నువ్వు వస్తావా?"

"వస్తాను. మాట్లాడేది మాత్రం నువ్వే."

*

బుధవారం స్కూలు వదిలాక ఇద్దరూ బస్సెక్కారు. ఫుట్‌పాత్ ఖాళీగా ఉంది. చాపలు లేకపోతే అది ఎంత వెడల్పో అప్పుడు తెలిసింది. అమ్మ కరెంటు స్తంభానికి ఇవతలే ఆగిపోయింది. "వెళ్లు," అంది.

తాళాలాయన పనిలో ఉన్నాడు. ఆకురాయి కరకరమంటోంది. సన్నటి ఇనప రజను ఆయన వేళ్ల మీద మెరుస్తోంది. చిటపట బల్ల ముందు నిలబడింది. ఆయన తలెత్తలేదు.

"బాబాయిగారూ."

"తా... తాళమా?"

"కాదండీ." చిటపట బ్యాగు పట్టీ గట్టిగా పట్టుకుంది. "ఆదివారం... మిమ్మల్ని వెక్కిరించింది చిన్న భంతే కాదు. నేను. ఆయనకు దగ్గొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. జరగం అన్నది నేనే."

ఆకురాయి ఆగింది.

ఆయన ఆమెను తేరిపార చూశాడు. స్కూలు బ్యాగు, ఊడిపోతున్న రిబ్బను, దుమ్ముకొట్టుకున్న బూట్లు, అన్నీ చూశాడు.

"నీ... నీ వయసెంత?"

"పదేళ్లండీ."

"నా... నాకూ..." అని ఆగాడు. మాట కోసం దవడ బిగుసుకుంది. ఆయన ఏమనబోతున్నాడో చిటపటకు సగం తెలిసిపోయింది. 'పదేళ్లప్పుడే మొదలైందా?' అని అడగబోయి నాలుక కరుచుకుంది.

"నాకూ ప... పదేళ్లప్పుడే... క్లాసులో... అందరూ ఇలాగే అ... అనేవాళ్లు. అందుకే బ... బడి మానేశా." ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "ఇనప ముక్క వె... వెక్కిరించదు. అందుకని ఈ పనిలోకి వచ్చా."

చిటపటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంటే ఆయన చూస్తాడని తుడుచుకోలేదు.

"తప్పు చేశానండీ. క్షమించండి."

తాళాలాయన మళ్లీ ఆకురాయి అందుకున్నాడు. పరవాలేదు అనలేదు. నవ్వలేదు. "వె... వెళ్లమ్మా. బ... బస్సు రద్దీ అవుతుంది," అన్నాడు.

అమ్మ దగ్గరికి వచ్చేసరికి చిటపట ముక్కు ఎగబీలుస్తోంది.

"ఏమన్నాడు?"

"వెళ్లమన్నాడు."

"ఫిర్యాదు వెనక్కి తీసుకోమని అడిగావా?"

"లేదు."

"ఎందుకడగలేదు?"

చిటపట వెనక్కి తిరిగి బల్ల వైపు చూసింది. "అది అడిగితే, దాని కోసమే క్షమించమన్నాననుకుంటాడు కదమ్మా."

అమ్మ ఆమె వైపు చూసి, ఊడిపోతున్న రిబ్బను గట్టిగా బిగించి కట్టింది.

*

గురువారం చిటపట విహారానికి వెళ్లి, భంతేలిద్దరి ముందూ అదంతా మళ్లీ చెప్పింది. రెండోసారి చెప్పడం సులువవుతుందనుకుంది కానీ కాలేదు. అమ్మమ్మ కూడా అక్కడే ఉంది. విని నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మీరు కాదని ఆ రోజు ఎందుకు చెప్పలేదు భంతే?" అని చిటపట చిన్న భంతేను అడిగింది. "నేనని మీకు తెలుసు కదా. నేను మీ వెనకే ఉన్నాను."

చిన్న భంతే దగ్గు ఆపుకున్నారు. "నేను నవ్వలేదు, అది నిజమే. కానీ ఆయన నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ విన్నాను. కళ్లు మాత్రం తెరవలేదు. క్షమించమన్నది దానికి."

పెద్ద భంతే తెల్ల కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

"నలభై మందిమి," అన్నారు మెల్లగా. "ఎక్కడో సముద్రం అవతల ఉన్నవాళ్ల కోసం వచ్చాం. పక్కన నిలబడి అడిగినాయన మాట ఒక్కరమూ వినలేదు. జవాబు చెప్పొద్దని చెప్పింది నేనే." చిటపట వైపు తిరిగి, "పద, కొలిచి వద్దాం," అని లేచారు.

"ఏం కొలవాలి భంతే?"

"ఆయన బల్లకి దారి."

అమ్మ టేపు తెచ్చింది. ఆ సాయంత్రం భంతేలిద్దరూ, అమ్మా, చిటపటా నలుగురూ వెళ్లి స్తంభం దగ్గర నుంచి బల్ల దాకా కొలిచారు. మనుషులు ఎటు నుంచి వస్తారో, ఎటు నుంచి పోతారో పెద్ద భంతే తాళాలాయననే అడిగారు. ఆయన వేలితో చూపించాడు. ఒక మాట కోసం చాలాసేపు పట్టింది. నలుగురూ ఆగారు. తాళాలాయన చిన్న భంతే వైపు చూసి ఏదో అనబోయి, ఊరుకుని, బల్ల కింద నుంచి ఒక స్టూలు లాగి ఆయన ముందు పెట్టాడు. చిన్న భంతే కూర్చున్నారు.

ఫిర్యాదు మాట ఎవరూ ఎత్తలేదు.

శుక్రవారం గడిచింది. శనివారం మధ్యాహ్నం పోలీసు మేడమ్ విహారానికి ఫోన్ చేసింది. తాళాలాయన స్టేషన్‌కు వచ్చాడట. పాత ఫిర్యాదు కొట్టేయించి, దాని కింద రెండు లైన్లు రాయించాడట. స్తంభం దాటి చాపలు వేయకూడదు. మనుషులొస్తే మాట్లాడ్డానికి ఒకరు లేచి నిలబడి ఉండాలి.

"ఆ షరతులకి ఒప్పుకుంటే రేపు కూర్చోవచ్చు," అంది మేడమ్.

"ఒప్పుకోవడమేంటమ్మా, మేమే అడగాల్సింది," అన్నారు పెద్ద భంతే.

*

నిలబడి ఉండే ఆ ఒకరు ఎవరు? దానికే ఎవరూ ముందుకు రాలేదు. అందరికీ కూర్చోవాలనే ఉంది. అమ్మమ్మ అయితే ఖరాఖండీగా చెప్పేసింది. "గోడకి ఆనుకుని ఆ పెద్దాయన కూర్చుని ఉంటే, నేను నిలబడతానా?"

"నేనుంటాను," అంది చిటపట.

కొందరు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ఆ పిల్లనా! అసలే నోటి దురుసు..." అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

చిటపట తల దించుకుంది కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

"చెయ్యనివ్వండి," అన్నారు పెద్ద భంతే. "పక్కన వాళ్లమ్మ ఉంటుంది."

ఆదివారం ఐదింటికి చాపలన్నీ స్తంభానికి ఇవతలే, దగ్గర దగ్గరగా పరిచారు. మోకాళ్లు మోకాళ్లకు తగులుతున్నాయి. ఎవరూ విసుక్కోలేదు. తూనీగ చిటపట వైపు చూసి, ఇంకా కొంచెం బుంగమూతితోనే, ఆమె విడిచిన చెప్పులు తీసి తన చెప్పుల పక్కన సర్ది పెట్టింది. బ్యానరు ఒక కొస అమ్మ పట్టుకుంది. నలభై మందీ కళ్లు మూసుకున్నారు.

చిటపట తాళాలాయన బల్లకు వెళ్లే దారి పక్కన నిలబడింది. మొదటి పది నిమిషాల్లో ఇద్దరు వచ్చారు. "ఇటు రండి," అని దారి చూపించింది. ఇంకొకావిడ బ్యానరు చదివి, "ఏం జరిగిందమ్మా?" అని అడిగింది. చిటపట చిన్న గొంతుతో అంతా చెప్పింది. బల్ల దగ్గర తాళాలాయన కూడా ఆకురాయి ఆపి విన్నాడు. ఆవిడ విని, చెప్పులు విడిచి, వెనక చాప మీద ఐదు నిమిషాలు కూర్చుని వెళ్లింది.

ఐదూ ఇరవైకి ఒక కుర్రాడు హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. స్కూటర్ తాళంచెవి విరిగిందట. విరిగిన ముక్క బల్ల మీద పడేసి చాపల వైపు తిరిగాడు.

"ఏంటీ డ్రామా?" అన్నాడు గట్టిగా. "పనీపాటా లేదా వీళ్లకి?"

చిటపట నోట్లో జవాబు తయారైపోయింది. మంచి జవాబు. ఆ హెల్మెట్ గురించి. నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె పళ్లు బిగించింది.

ఆమె మాట్లాడేలోపే తాళాలాయన ఆకురాయి పక్కన పెట్టాడు.

"వీ... వీళ్లు..." అన్నాడు. "వీళ్ల... మ... మ..."

కుర్రాడు నవ్వాడు. "మ మ ఏంటి పెద్దాయనా? త్వరగా చెప్పు, నాకు పనుంది."

తాళాలాయన చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. మాట ఆగిపోయింది.

చిటపటకు ఆ మాటేంటో తెలుసు. తర్వాత రావాల్సిన మాటలూ తెలుసు. అన్నీ గడగడా ఆమె చెప్పేయగలదు. అర నిమిషం పట్టదు.

ఒక అడుగు ముందుకేసింది. కుర్రాడి ముఖంలోకి చూసింది.

"ఆయన చెబుతున్నారు కదండీ," అంది మెల్లగా. "కొంచెం ఆగండి."

అంతే. ఇంకొక్క మాట అనలేదు. తాళాలాయన వైపు తిరిగి, పెదవులు మూసుకుని నిలబడింది.

ఒక బస్సు పోయింది. ఇంకో బస్సు పోయింది. కుర్రాడు హెల్మెట్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నవ్వు తగ్గింది. వెళ్లిపోలేదు.

తాళాలాయన ఊపిరి పీల్చుకున్నాడు.

"వీళ్ల మ... మనుషుల్ని... అక్కడ లోపల పెట్టి తా... తాళం వేశారు," అన్నాడు. "పం... పందొమ్మిది మందిని. ఒకాయనకి ఎ... ఎనభై ఒకటి. వాళ్లు ఒంటరివాళ్లు కా... కాదని చెప్పడానికి... వీళ్లు ఇక్కడ కూ... కూర్చున్నారు."

కుర్రాడు చాపల వైపు ఇంకోసారి చూశాడు. ఈసారి ఏమీ అనలేదు. బల్ల పక్కకు జరిగి, గొంతు తగ్గించి, "ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు.

"ప... పది నిమిషాలు."

"సరే. ఉంటాను."

తాళాలాయన ఇనప ముక్కను బల్లకు బిగించాడు. ఆకురాయి తీసుకుని, చాపల వైపు చూసి, చప్పుడు ఎక్కువ రాకుండా మెల్లగా గీయడం మొదలుపెట్టాడు. అప్పటికే ఇంకెవరో తాళంకప్ప పట్టుకుని ఫుట్‌పాత్ ఎక్కుతున్నారు. చిటపట దారి చూపించడానికి ఎదురు వెళ్లింది.